కిలోల లెక్కన అక్షరాలు

కంప్యూటర్ సైన్స్ మిత్రులకు ఒక చిన్న ప్రశ్న. "స్త్రీ" అనే మాటలో ఎన్ని అక్షరాలు?

మన స్కూలు తెలుగు మాస్టారిని అడిగితే ఒకటే అంటారు. పైథాన్‌కి ఇచ్చి పొడవు ఎంత అని అడగండి, ఆరు అంటుంది. అది యూనికోడ్ లెక్క: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇదే ప్రశ్న పుంగనూరులో మా తాతను అడిగినాను. ఆలోచించకుండానే "మూడు" అన్నాడు.

"సీ ఒకటి, తావత్తు ఒకటి, రావత్తు ఒకటి. మూడు ముక్కలు పాపా. రావత్తు అరిగిపోయుంటే ఇంకో కేసులోంచి తెచ్చుకోవాల."

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, కంపోజిటర్. పుంగనూరు బజారు వీధిలో ఒక చిన్న ప్రెస్సులో ముప్పై ఏళ్లకు పైగా సీసపు అక్షరాలు పేర్చినాడు. ఆయనకు అక్షరం అంటే శబ్దం కాదు, కోడ్ కాదు. వేళ్ల మధ్య పట్టుకునే ఒక లోహపు ముక్క. దానికి బరువుంటుంది, ధర ఉంటుంది, అరుగుదల ఉంటుంది. ఆ లోహం ఎక్కడ పుట్టి, ఎవరెవరి చేతులు మారి మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా వచ్చింది అని వెతుకుతూ పోతే నాకు ఒక విషయం అర్థమైంది. తెలుగు అచ్చు చరిత్ర అంటే పుస్తకాల జాబితా కాదు. ఆ లోహం ఎవరి చేతిలో ఉండాలి అనే పేచీ.

మనది కాని ఊళ్లో మన అక్షరం

మన దేశంలోకి అచ్చు యంత్రం 1556లో గోవాకు వచ్చింది. మన పక్కింటి తమిళం 1578లోనే కొల్లంలో అచ్చు మొహం చూసింది. తెలుగుకు ఆ తర్వాత ఇంకో 168 ఏళ్లు పట్టింది. అదైనా తెలుగు నేల మీద కాదు. 1746లో జర్మనీలో, హాలె అనే ఊళ్లో.

బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు మద్రాసులో చాలా ఏళ్లు ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1743లో తిరిగి యూరప్ వెళ్లి, హాలెలో తెలుగు అక్షరాలు పోత పోయించి చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు వేయించినాడు. ఒక్కసారి ఊహించుకోండి. తెలుగు మాట చెవిన పడని ఊళ్లో, చలిలో, మన 'అ ఆ'లు సీసంలోకి దిగినాయి. చదివేవాళ్లేమో సముద్రానికి ఇవతల.

తర్వాతి మజిలీ బెంగాల్. కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో విలియం కేరీ వాళ్ల మిషన్ ప్రెస్సు ఎన్నో భారతీయ భాషలకు అక్షరాలు తయారుచేసింది. అక్కడ అక్షరాలు చెక్కింది దొరలు కాదు. పంచానన్ కర్మకార్ అనే కమ్మరి, ఆయన తర్వాత ఆయన అల్లుడు మనోహర్. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని అద్దంలో కనబడినట్టు తిరగేసి చెక్కుతారు. అది పంచ్. దాన్ని రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది. అది అచ్చుమూస. ఆ మూసలో కరిగిన లోహం పోస్తే అక్షరం వస్తుంది. ఒక్క మూసతో కొన్ని వేల అక్షరాలు పోసుకోవచ్చు.

1812 మార్చి 11 సాయంత్రం ఆ ప్రెస్సు తగలబడింది. కాగితం కాలిపోయింది, టైపు కరిగిపోయింది. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా బూడిదైంది. అయితే శిథిలాలు తవ్వితే పంచ్‌లు, మూసలు చెక్కుచెదరకుండా దొరికినాయి. కరిగి గడ్డకట్టిన లోహాన్ని ఏరుకుని మళ్లీ అక్షరాలు పోసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ కాలిపోయింది గానీ సోర్స్ కోడ్ బతికింది. రెండేళ్లలో, 1814లో, కేరీ తెలుగు వ్యాకరణం అచ్చులో బయటికి వచ్చింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది.

ఈ సంగతి మా తాతకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "సీసం పాడైపోయేది ఏముంది? కరిగిస్తే మళ్లా సీసమే గదా" అన్నాడు.

కేసు ముందర నిలబడే పని

ఇక్కడ కాస్త ఆగి, ఆ పని ఎట్లా ఉండేదో చెప్పాలి. లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

అక్షరానికి వాడేది ఉత్త సీసం కాదు. సీసంతో ఆంటిమొనీ, తగరం కలుపుతారు. ఒట్టి సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగిన పాళ్లలో ఈ రెండూ కలిస్తే 240 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మెకానికల్ వాళ్లు యుటెక్టిక్ అని చదువుకున్నది ఇదే. ఆంటిమొనీ వల్ల గట్టిదనం వస్తుంది, కాబట్టి వేలసార్లు కాగితం మీద నొక్కినా అక్షరం అంచు తొందరగా చెడదు.

అక్షరాలను చెక్క కేసుల్లో పెడతారు. కేసు అంటే చిన్న చిన్న గదులున్న బల్లపరుపు సొరుగు. ఇంగ్లీషుకైతే చిన్న బడి, పెద్ద బడి, అంకెలు, చుక్కలు కలిపి ఒకటి రెండు కేసులతో పని జరిగిపోతుంది. తెలుగుకు అట్లా కుదరదు. క వేరు, కి వేరు, కు వేరు, కె వేరు. వత్తులు మళ్లీ వేరు. మా తాత వాడినవి తెలుగుకు నాలుగు కేసులు. ఎక్కువ పడే అక్షరాలు చేతికి దగ్గర, పెద్ద గదుల్లో ఉంటాయి. ఱ, ఙ లాంటివి దూరంగా, మూల గదుల్లో. హఫ్‌మన్ కోడింగ్ చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ కేసే. ఎక్కువ వాడేదానికి తక్కువ దూరం. మా తాత ఏడో తరగతి దాకానే చదివినాడు, ఆ సూత్రం మీద ముప్పై ఏళ్లు పనిచేసినాడు.

ఎడమ చేతిలో స్టిక్ పట్టుకోవాలి. కుడి చేత్తో ఒక్కొక్క అక్షరం ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. అక్షరం కిందికి వత్తు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ముక్క. లైను నిండితే బిగించాలి. పేజీ అయ్యాక ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, చట్రంలో బిగించి ట్రెడిల్ మిషన్‌కి ఎక్కించాలి. కాలితో తొక్కుతూ ఒక్కొక్క కాగితం పెట్టి తీయాలి. అచ్చు పని అయిపోయాక కిరోసిన్‌తో కడిగి, మళ్లీ ఒక్కొక్క అక్షరాన్నీ దాని గదిలో వేయాలి. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్లు. అన్నం తినే ముందు చేతులు సబ్బు పెట్టి గట్టిగా రుద్దుకోమని ఓనరు రోజూ చెప్పేవాడంట, సీసం ఒంట్లోకి పోతుందని.

నాకు ఈ డిస్ట్రిబ్యూషన్ అనేది చాలా రోజులు మనసులో తిరిగింది. సేవ్ బటన్ లేదు. ఈరోజు పేర్చింది రేపటికి విడిపోతుంది. పొద్దున శుభలేఖలో కూర్చున్న 'శ' సాయంత్రానికి శ్రద్ధాంజలిలోకి పోతుంది. మధ్యలో సినిమా కరపత్రం, కో-ఆపరేటివ్ సొసైటీ రసీదు బుక్కు, గంగజాతర పాంప్లెట్, పట్టు గూళ్ల మార్కెట్ చీటీలు. పుంగనూరు ఏం తిన్నదో, ఎవరికి బాకీపడిందో, ఎవరిని ఎన్నుకున్నదో అంతా ఆ నాలుగు కేసుల గుండా పోయింది.

కుప్పం ఎక్కడ అచ్చయిందంటే

మళ్లీ చరిత్రలోకి. మద్రాసు అచ్చు కథ ఒక యుద్ధంతో మొదలవుతుంది. 1761లో ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని ఫ్రెంచి వాళ్ల దగ్గర నుంచి పట్టుకున్నప్పుడు ఒక అచ్చు యంత్రం కూడా దొరికింది. దాన్ని వేపేరిలో ఉన్న ఫాబ్రీషియస్ అనే మిషనరీకి ఇచ్చినారు. కంపెనీ పనులు కూడా అచ్చు వేసి పెట్టాలి అని షరతు. అచ్చు యంత్రాన్ని ఫిరంగుల్లాగే యుద్ధంలో దొరికిన సొత్తుగా లెక్కేసినారన్నమాట.

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టినారు. కొత్తగా వచ్చిన దొరలకు మన భాషలు నేర్పడానికి. ఆ కాలేజీ ప్రెస్సులో 1816లో ఎ.డి. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి ఒక ముందుమాట లాంటి నోటు రాసినాడు. తెలుగు, తమిళం, కన్నడం ఇవన్నీ సంస్కృతంలోంచి పుట్టినవి కావు, వీటన్నిటిదీ వేరే ఒక కుటుంబం అని ఉదాహరణలతో నిరూపించినాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల పుస్తకం 1856లో వచ్చింది. ఎల్లిస్ మాట దానికంటే 40 ఏళ్ల ముందుది.

నా రూమ్‌మేట్‌ది కుప్పం. ఫోన్లో అమ్మతో తెలుగు, మేనమామతో తమిళం, కోలారు వైపు చుట్టాలతో కన్నడం మాట్లాడుతుంది. మధ్యలో ఎప్పుడు మారిందో తనకే తెలియదు. వాళ్ల ఇంట్లో పెళ్లి పత్రిక ఒక వైపు తెలుగు, ఇంకో వైపు తమిళం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఎందుకు పెట్టినారు అంటే ఇదే కారణం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. "మీ ఊరి యూనివర్సిటీ పేరులో ఉన్న ఆలోచన మొదట అచ్చయింది ఒక తెలుగు వ్యాకరణం ముందుమాటలో" అని చెబితే తను కాసేపు నమ్మలేదు. తర్వాత "అయితే మా ఇంట్లో పెళ్లి పత్రిక కూడా ఆ ముందుమాట లాంటిదే" అంది. నాకంటే బాగా చెప్పింది.

మద్రాసు కథలో మనవైపు నుంచి పోయిన మనిషి సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చినాడు. అప్పట్లో మదనపల్లె కూడా కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అంతే. బ్రౌన్ పండితులను పెట్టుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టి, తాటాకుల మీద ఉన్న పద్యాలను పోల్చి చూసి పరిష్కరించినాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. 1852లో ఆయన నిఘంటువు వచ్చింది. అది అచ్చయింది వేపేరిలో.

మన్రోకు భయం ఎందుకు?

మన సీమలో థామస్ మన్రోకు మంచి పేరుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టర్. రైతువారీ పద్ధతి పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కుటుంబాలు కూడా ఉండేవి. అదే మన్రో 1820లో మద్రాసు గవర్నర్ అయినాడు. 1822లో పత్రికా స్వేచ్ఛ గురించి ఒక నోటు రాసినాడు. దాని సారాంశం ఇది: పరాయి వాళ్ల పాలన, స్వేచ్ఛగా నడిచే అచ్చు, ఈ రెండూ ఒకే ఇంట్లో ఎక్కువ కాలం కాపురం చేయలేవు. ముఖ్యంగా ఆయన భయం సిపాయిల గురించి. అచ్చయిన కాగితం వాళ్ల చేతికి పోతే ఏమవుతుందో అని.

నాకు ఈ నోటు గురించి చదివినప్పుడు కోపం రాలేదు. ఇంకో విధంగా అనిపించింది. మన రైతుల గురించి, మన భూముల గురించి అంత బాగా తెలిసిన మనిషి కాబట్టే, మన చేతికి అచ్చు వస్తే ఏమవుతుందో కూడా ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

1835లో చార్లెస్ మెట్‌కాఫ్ తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు ఆ కట్లు తెగినాయి. లైసెన్సు లేకుండానే ఎవరైనా ప్రెస్సు పెట్టుకోవచ్చు, డిక్లరేషన్ ఇస్తే చాలు. ఆ తర్వాతే మనవాళ్ల ప్రెస్సులు పుంజుకున్నాయి. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణాలయం పెట్టినారు. వావిళ్ల వారి పుస్తకాలు లేని తెలుగు పండితుడి ఇల్లు లేదనే కాలం తర్వాత వచ్చింది. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని మొదలుపెట్టినారు. ఆయన కూడా చివరికి సొంత ప్రెస్సు పెట్టుకున్నారు. వేరే వాళ్ల ప్రెస్సు మీద ఆధారపడితే మనం రాసింది మనకు కావలసినప్పుడు బయటికి రాదు.

కానీ ప్రభుత్వం ఊరికే ఉండలేదు. 1867లో ఇంకో చట్టం తెచ్చింది. ప్రతి అచ్చు పుస్తకం మీదా ప్రింటర్ పేరు, ఊరు ఉండాలి. పుస్తకం ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాలి. ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి పెట్టిన లైను అది. తమాషా ఏమంటే, 150 ఏళ్ల తర్వాత ఆ లైనే మనకు చరిత్ర అయింది. ఏ ఊళ్లో ఎప్పుడు ఏ ప్రెస్సు ఉండేది అని తెలుసుకోవడానికి పరిశోధకులు వెతికేది దాన్నే. ఇప్పటికీ ఎన్నికల పాంప్లెట్ చూడండి. కింద చిన్న అక్షరాల్లో ప్రింటర్ పేరు, అడ్రసు ఉంటాయి. 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం ఉండి తీరాలి.

పేరు ఉండటం వల్ల ఏమవుతుందో వావిళ్ల వారికి అనుభవమే. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి, 1910లో వావిళ్ల ద్వారా అచ్చు వేయించింది. అశ్లీలం అని ప్రభుత్వం నిషేధించింది, ప్రతులు జప్తు చేసింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం పోలేదు. ఒక ఆడమనిషి రాసి, ఇంకో ఆడమనిషి సరిదిద్దిన పుస్తకం మళ్లీ బహిరంగంగా అమ్మడానికి అంత కాలం పట్టింది.

మదనపల్లెకు ఆ మాస్టారు ఎందుకొచ్చినాడు?

మదనపల్లెకు అచ్చు పుస్తకాలు మూటలు మూటలుగా రావడం మిషన్ వాళ్లతో ఎక్కువైంది. అమెరికన్ ఆర్కాటు మిషన్ డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ 1863లో ఇక్కడికి వచ్చినాడు. మందులతో పాటు అచ్చయిన సువార్త పుస్తకాలు తీసుకుని నిజాం రాజ్యం దాకా తిరిగినాడు. తెలుగు బైబిలు సవరణలో చాలా ఏళ్లు పనిచేసి, 1908లో మదనపల్లెలోనే చనిపోయినాడు.

ఇక అందరికీ తెలిసిన కథ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి అనువదించినారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసుకున్నారు. మదనపల్లెలో ఆటో అన్నను అడిగినా ఇది చెబుతాడు. కానీ ఐర్లండ్ కవి అయిన కజిన్స్ మదనపల్లెలో ఏం చేస్తున్నాడు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. దానికి జవాబు కూడా అచ్చులోనే ఉంది.

ఈ కాలేజీని 1915లో పెట్టిన అనీబిసెంట్‌కు అచ్చుతో పేచీ కొత్త కాదు. 1877లో లండన్‌లో చార్లెస్ బ్రాడ్‌లాతో కలిసి కుటుంబ నియంత్రణ గురించిన ఒక చిన్న పుస్తకం అచ్చు వేసినందుకు అశ్లీలం కేసులో బోను ఎక్కింది. నాగరత్నమ్మకు 33 ఏళ్ల ముందు, అదే నేరం పేరు. 1914లో మద్రాసులో ఒక దినపత్రికను కొని, న్యూ ఇండియా అని పేరు మార్చింది. హోంరూల్ గురించి రోజూ రాసేది. 1910 నాటి ప్రెస్ చట్టం చేతిలో పెట్టుకుని ప్రభుత్వం 1916లో ఆమెను 2,000 రూపాయల ధరావతు కట్టమంది. కట్టింది. కొన్ని నెలలకే దాన్ని జప్తు చేసి, ఈసారి 10,000 కట్టమంది. అదీ కట్టింది. 1917 జూన్‌లో ఆమెనే నిర్బంధించినారు.

కజిన్స్ ఆ న్యూ ఇండియాలో సాహిత్య పేజీలు చూసేవాడు. 1916 ఈస్టర్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాసినాడు. పత్రికలో ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయనను మదనపల్లె కాలేజీకి పంపింది. అంటే ఆ అచ్చయిన వ్యాసం లేకపోతే కజిన్స్ ఇక్కడికి వచ్చేవాడు కాదు. కజిన్స్ లేకపోతే టాగూరు మదనపల్లెకు వచ్చేవారో లేదో. జనగణమన ఇంగ్లీషు అనువాదం మన ఊళ్లో జరిగిందని గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఒక మనిషి అచ్చులో ఒక మాట అన్నందుకు కోల్పోయిన ఉద్యోగం ఉంది.

178 కిలోలు

ఇప్పుడు మా ఇంటి సంగతి.

తాత పనిచేసిన ప్రెస్సు 2001లో మూతపడింది. అప్పటికే డీటీపీ వచ్చేసింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఆఫ్‌సెట్. ఒక రోజు పని అరగంటలో అయిపోతా ఉంటే సీసం ముందర ఎవరు నిలబడతారు? ఓనరు దగ్గర తాతకు తొమ్మిది నెలల జీతం బాకీ ఉండేది. ఆయన దగ్గరా డబ్బు లేదు. ట్రెడిల్ మిషన్ అమ్ముకుని అప్పులు కట్టుకున్నాడు, టైపంతా తాతకు ఇచ్చేసినాడు. అట్లా జీతం బదులు అక్షరాలు ఇంటికి వచ్చినాయి. మెట్ల కింద కేసుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయినాయి. అవ్వ వాటి మీద చింతపండు జాడీలు పెట్టేది.

నా మూడో సంవత్సరం ఫీజుకు 25 వేలు తక్కువ పడింది. నాన్న అప్పటికే రెండు చోట్ల అడిగి వచ్చినాడు. ఎవరూ ఏమీ అనకముందే తాత మదనపల్లె నుంచి పాత సామాన్ల ఆయన్ను పిలిపించినాడు. నేను ఆ ఆదివారం పుంగనూరులోనే ఉన్నాను.

ఆయన ఎలక్ట్రానిక్ కాటా తెచ్చినాడు. కేసులు ఒక్కొక్కటే గోతంలోకి బోర్లించినారు. ఆ చప్పుడు చిల్లర డబ్బుల చప్పుడులా ఉంది గానీ ఇంకా బరువుగా. తెలుగు, ఇంగ్లీషు, అంకెలు, పూల బార్డర్లు, పెళ్లి పత్రికల వినాయకుడు, అన్నీ ఒకే గోతంలో. మొత్తం 178 కిలోలు. కిలో 140 లెక్కన 24,920 రూపాయలు.

"తాతా, ఒక కేసన్నా పెట్టుకుందాం" అన్నాను.

"పెట్టుకుని ఏం చేస్తావు?"

"గుర్తుకు."

"గుర్తుకైతే రెండు అక్షరాలు చాలు గదా. అచ్చుకైతే పూర్తి కేసు ఉండాల, మిషనుండాల, పనుండాల. ఇవేం లేవు. అది కేసు కాదు పాపా, బరువు."

పాత సామాన్ల ఆయన "బ్యాటరీల వాళ్లు తీసుకుంటారు సార్, మంచి సరుకు" అన్నాడు. ఆంటిమొనీ కలిసిన సీసం బ్యాటరీ పలకలకు పనికొస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఏదో ఆటో బ్యాటరీలో ఈ పాటికి మా తాత 'శ'లు ఉంటాయి.

ఏడవాలో వద్దో నాకు తెలియలేదు. తాతేమో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, పైన 80 తన జేబులోంచి వేసి, 25 వేలు చేసి నాన్న చేతిలో పెట్టినాడు.

పటం

ఒక్క స్టిక్ మాత్రం నేను తీసుకున్నాను. ఆ తర్వాత వారానికి ఇంకో ఆలోచన వచ్చింది. ఒక పెద్ద చార్టు, పెన్సిలు తీసుకుని మళ్లీ పుంగనూరు పోయినాను. "ఏ గదిలో ఏ అక్షరం ఉండేదో గీసివ్వు తాతా" అన్నాను.

మొదట "ఇప్పుడు అదెందుకు" అని విసుక్కున్నాడు. తర్వాత కూర్చున్నాడు. మొదటి రెండు కేసులు గబగబా నింపేసినాడు. మూడోదాంట్లో కొన్ని గదుల దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి, లేచి నిలబడి, కళ్లు మూసుకున్నాడు. ఎడమ చేతిలో స్టిక్ ఉన్నట్టు పట్టుకుని, "శ్రీ వేంకటేశ్వర ప్రసన్న" అని మెల్లగా చెప్పుకుంటూ కుడి చెయ్యి గాల్లో ఆడించినాడు. చెయ్యి కుడివైపు పై మూలకు పోయి ఆగింది. కళ్లు తెరిచి ఆ గదిలో రాసినాడు. అట్లా పదకొండు గదులు చేతిని అడిగి నింపినాడు.

యూనికోడ్ తెలుగుకు 128 గదులు కేటాయించింది. ఏ గదిలో ఏముందో ప్రపంచంలో ఎవరైనా ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. మా తాత కేసులో ఏ గదిలో ఏముందో ఆయన కుడి చేతికి తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ప్రతి ఊళ్లో ప్రతి ప్రెస్సులో కాస్త తేడాలుండేవంట. ఓనరు ఎక్కడ పని నేర్చుకుంటే అక్కడి పద్ధతి. మద్రాసులో నేర్చుకున్నవాళ్లది ఒక రకం, బళ్లారిలో నేర్చుకున్నవాళ్లది ఇంకో రకం. లోహం పోతే పోయింది. అది కరుగుతుంది, మళ్లీ పోసుకోవచ్చు. పోగొట్టుకుంటే దొరకనిది ఈ పటం. శ్రీరాంపూర్ నిప్పుల్లో మిగిలిన మూసల లాంటిది ఇదే.

చార్టును స్కాన్ చేసి మన క్లబ్ డ్రైవ్‌లో పెట్టినాను. మీ అందరికీ ఒక మనవి. మీ ఇంట్లో బీరువా అడుగున పాత పెళ్లి పత్రికలుంటాయి, కర్మక్రియల కార్డులుంటాయి, పాత రసీదులుంటాయి. 2000కు ముందువి ఏవైనా సరే. కింద మూలలో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. ఒక ఫొటో తీసి అదే డ్రైవ్‌లో వేయండి. మీ ఊళ్లో పాత కంపోజిటర్ ఎవరైనా ఉంటే ఒక చార్టు, పెన్సిలు తీసుకుని పోండి. వాళ్లు ఎక్కువ మంది లేరు, ఎక్కువ కాలం ఉండరు.

మొదటి ఫొటో నేనే వేసినాను. 1997లో మా అమ్మ పెళ్లి పత్రిక. పసుపు కార్డు, ఎర్ర సిరా. కింద మూలలో ప్రెస్సు పేరు ఉంది. కంపోజిటర్ పేరు ఎక్కడా వేయరు కాబట్టి ఆయన ముప్పై ఏళ్లలో పేర్చిన వేల కాగితాల్లో తాత పేరు ఎక్కడా లేదు. ఈ కార్డులో మాత్రం ఉంది, పెళ్లికూతురి తండ్రిగా, రెండో లైనులో. దాన్ని పేర్చింది ఆయనే. ఆ లైనుకు మాత్రం కొంచెం పెద్ద టైపు వాడినాడు.